ఓవర్‌డ్రైవ్ బటనూ మా బామ్మర్దీ

ఆ బటన్ గురించి నాకు బోధ చేయని మనిషి ప్రొద్దుటూరులో లేడు. బండి ఇప్పించిన బ్రోకరు చెప్పాడు, టైర్లకు గాలి కొట్టేవాడు చెప్పాడు, మా వీధిలో పాలు పోసే ఆయన చెప్పాడు, స్కూటరు తప్ప ఇంకొకటి నడిపి ఎరగని మా వియ్యంకుడు కాఫీ చల్లారేదాకా చెప్పాడు. వీళ్లలో ఒక్కరూ ఆ బటన్‌ను నొక్కి చూసినవాళ్లు కారు. నొక్కి చూడకుండా ఇంత నమ్మకంగా ఎట్లా చెబుతారని నా కోపం. ఆ కోపం ఇప్పటికీ తగ్గలేదు. తగ్గించుకోమని ఇంట్లోవాళ్లు అంటారు గానీ నేను ఆ ప్రయత్నంలో లేను.

బండి ఆటోమేటిక్. క్లచ్ ఉండదు, ఎడమకాలికి పని ఉండదు, గేర్లు అదే మార్చుకుంటుంది. గేరు కడ్డీ పక్కన బొటనవేలికి అందేటట్లు చిన్న బటన్ ఒకటి ఉంటుంది. అదే ఓవర్‌డ్రైవ్ బటన్. ఒకసారి నొక్కితే స్పీడు చూపే ముల్లు పక్కన ‘ఓ.డి. ఆఫ్’ అని పసుప్పచ్చ లైటు వెలుగుతుంది. మళ్లీ నొక్కితే ఆరిపోతుంది. లైటు ఆరి ఉంటే ఓవర్‌డ్రైవ్ పనిలో ఉన్నట్టు, అంటే బండి అవసరమైనప్పుడు నాలుగో గేరు దాకా పోతుంది. లైటు వెలిగితే ఆ నాలుగో గేరును పక్కన పెట్టి మూడింటితోనే నడుస్తుంది. ఇంతే సంగతి. ఈ రెండు ముక్కలూ నాకు ఎవరూ చెప్పలేదు. చెప్పినవన్నీ వేరే.

“దాన్ని ముట్టుకోవద్దు పెద్దాయనా,” అన్నాడు బ్రోకరు. “అది రేసుల్లో తోలేవాళ్లకు పెట్టింది. ముందరి ఓనరు ఒక్కనాడు గూడా ముట్టుకోలా. అందుకే బండి ఇట్ల కొత్తపెండ్లికూతురి మాదిరి ఉండాది.”

“నీకు ఓవర్‌డ్రైవ్ ఏమిటికి నాయనా?” అన్నాడు మా కొడుకు. “ఈ వయసులో మామూలు డ్రైవే ఎక్కువ.”

మెకానిక్ సంగతి మరీ అన్యాయం. పొరపాటున వేలు తగిలి ఆ లైటు వెలిగితే, అది గేర్‌బాక్సు చెడిపోతోందని చెప్పే లైటు అన్నాడు. మందేమిటయ్యా అంటే, వైరు కత్తిరిస్తే లైటు రాదన్నాడు. కత్తెర చేతిలోకి తీసుకున్నాడు కూడా. నేను కారు తలుపు వేసుకొని లోపల కూర్చున్నాను. లైటు వెలగడమే జబ్బు, ఆర్పేస్తే వైద్యం అయిపోయింది అనుకునేవాడి చేతికి బండి ఎట్లా ఇస్తాం?

అసలు ఈ వయసులో నీకు కారెందుకని అడిగే ఊరివాళ్లకు నేను జవాబు చెప్పలేదు. ఇక్కడ చెబుతాను. మా ఆవిడ అక్క, అంటే నాకు వదిన, పులివెందులలో ఉంటుంది. మా ఆవిడకు ఊహ తెలియకముందే తల్లి పోతే ఆ అక్కే ఎత్తుకుని పెంచింది. ఆ వదినకు పక్షవాతం వచ్చి కుడిపక్క పడిపోయింది. కొడుకూ కోడలూ బాగానే చూసుకుంటారు, పేరు పెట్టడానికి లేదు. కానీ ఆదివారం తలకు పోసుకోవడం మాత్రం చెల్లెలి చేతి మీదుగానే జరగాలి. వేరేవాళ్లు తల దువ్వితే ఆమెకు పడదు. పనిచేసే చేయి ఒక్కటే, దాంతో దువ్వెన లాక్కొని అవతల పారేస్తుంది. ఎవరు దువ్వారో కళ్లు మూసుకొని చెప్పగలదు.

మా ఆవిడకు కాళ్ల వాపు. బస్సు మెట్టు ఎక్కడమంటే ఇద్దరు కింద నుంచి తోయాలి, ఒకరు పైనుంచి లాగాలి. షేర్ ఆటోలో కూర్చుంటే, పక్కన ఎవరో ఒకరు మోకాళ్ల మీదికి సంచి పెట్టేస్తారు. నాకేమో ఎడమ మోకాలికి ఆపరేషన్ అయ్యాక కాలు సగమే వంగుతుంది, క్లచ్ తొక్కే పని ఇక ఈ జన్మకు లేదు. అందుకే ఆటోమేటిక్ బండి. సెకండ్‌హ్యాండుదే. ఊళ్లో నా దర్జా చూపించుకోవడానికి కొన్నది కాదు. ఒక ముసలామె తల దువ్వడానికి ఇంకో ముసలామెను తీసుకొని పోవడానికి కొన్నది.

ప్రొద్దుటూరు నుంచి పులివెందులకు ఎర్రగుంట్ల మీదుగా పోతే దగ్గర. అయినా మేము జమ్మలమడుగు చుట్టి పోతాం, ఎందుకంటే అక్కడ మా బామ్మర్ది ఎక్కాలి. ఆ వదినకు అతనూ తమ్ముడే కదా. జమ్మలమడుగు దాటాక ముద్దనూరు చేరేలోపల కొండ ఎక్కి దిగాలి. ఇక్కడివాళ్లు ఘాటు అంటారు. పెద్ద కొండేమీ కాదు. కానీ మలుపులున్నాయి, ఎదురుగా సిమెంటు లారీలొస్తుంటాయి. మనిషి బుద్ధి ఎంతదో చూపించడానికి ఆ మాత్రం కొండ చాలు.

మా బామ్మర్ది గురించి చెప్పాలి. ఒకప్పుడు సొంత లారీ ఉండేది, తానే తోలేవాడు. ఇప్పుడు లారీ లేదు గానీ నోరు ఇంకా లారీదే. ముందు సీట్లో కూర్చుంటే ఊరుకోడు. ‘థర్డు వెయ్ బావా’, ‘హారను కొట్టు బావా’, ‘ఆ గొర్రెలోడు పక్కకు జరగడు, లైటెయ్ బావా’ అని కూర్చున్నచోటి నుంచే తోలుతుంటాడు. ఆటోమేటిక్ బండిలో థర్డు నేను వేసేది కాదప్పా అంటే, “మళ్ల నువ్వేం తోలుతాండావు? కూచున్యావు అంతే,” అంటాడు.

మా వైపు లారీవాళ్లకు ఒక పందెం ఉండేది. పైసలు కట్టే పందెం కాదు, పరువు పందెం. ఘాటు కొనకు ఎక్కగానే బండిని న్యూట్రల్‌లో వేసేవాళ్లు. కొందరు ఇంజనే ఆపేసేవాళ్లు. బండి తన బరువుతో తానే దొర్లుకుంటూ దిగుతుంది. కిందికొచ్చాక చదును మీద ఎవరి బండి ఎంతదూరం పోయి ఆగిందన్నదే పందెం. ఒకడిది కల్వర్టు దగ్గర ఆగితే, ఇంకొకడిది దాన్ని దాటి వేపచెట్టు దాకా పోయిందని టీకొట్ల దగ్గర చెప్పుకునేవాళ్లు. డీజిలు నూనె ఖర్చు మిగిలిందన్న సంతోషం కంటే ఆ వేపచెట్టు పరువే ఎక్కువ. మా బామ్మర్ది ఆ రోజుల్లో పేరు మోసినవాడు. ఇప్పటికీ జమ్మలమడుగులో అతని ఈడువాళ్లు కలిస్తే ఆ మాటే మొదలవుతుంది.

ఆ పందెం లోపలి సంగతి నాకు తెలుసు. నేను పంపుసెట్ల సామాన్ల అంగడి పెట్టిన కొత్తలో పైపుల లోడు మీద కూర్చొని ఆ లారీల్లోనే వచ్చేవాణ్ణి. కిందికి దిగేసరికి చక్రాల్లోంచి కాలిన వాసన వచ్చేది. క్లీనరు బకెట్టుతో నీళ్లు చల్లితే బుస్సుమని ఆవిరి లేచేది. ఒకసారి నా కళ్ల ముందరే వేరుశనక్కాయల లారీ ఒకటి మలుపులో పక్కకు ఒరిగి పడిపోయింది. బస్తాలు పగిలి రోడ్డంతా కాయలు. జనం ఒళ్లో, తువ్వాళ్లలో ఏరుకుంటున్నారు. డ్రైవరు తల పట్టుకొని ‘బ్రేకు ఫెయిలయిందన్నా, బ్రేకు ఫెయిలయింది’ అంటున్నాడు. అందరూ అయ్యో అన్నారు. అది ఫెయిల్ కాలేదు, నువ్వు ఫెయిల్ చేశావని ఒక్కరూ అనలేదు. ఇంజను పట్టి ఉంచవలసిన బరువునంతా ఆ నాలుగు బ్రేకు రేకుల మీద వేస్తే అవి కాలక ఏం చేస్తాయి?

అంగడిలోనూ ఇదే బాధ పడ్డాను. నేను చదివింది అయిదో తరగతి. ఇంగ్లీషు నాకు నేర్పింది మోటారు డబ్బాల్లో వచ్చే కాగితాలు. సాయంత్రాలు కూర్చొని అర్థం తెలియని మాట కింద గీత గీసుకొని, తెలిసినవాళ్లు ఎవరొచ్చినా అడిగేవాణ్ణి. రైతుకు మోటారు ఇస్తూ, నీళ్లు అడుగంటినప్పుడు వేయొద్దయ్యా, కాలిపోతుంది అని చెప్పేవాణ్ణి. తలూపి పోయి, నీళ్లు లేని బోరు మీదనే వేసి, కాల్చుకొని తెచ్చి నా బల్ల మీద పెట్టి, ‘నీ మోటారు మంచిది కాదు’ అనేవాళ్లు. యంత్రాన్ని తప్పుగా వాడి యంత్రాన్నే తిట్టేవాళ్లను చూస్తే నాకు అప్పటినుంచీ ఒళ్లు మంట.

కారుతోపాటు వచ్చిన పుస్తకం కూడా నన్ను అట్లాగే ఏడిపించింది. ‘రోడ్డు పరిస్థితిని బట్టి ఓవర్‌డ్రైవ్‌ను ఆపుకోవచ్చు’ అని రాసి చేతులు దులుపుకున్నాడు ఆ మహానుభావుడు. ఏ రోడ్డు? ఏ పరిస్థితి? రాసినవాడు ఎప్పుడైనా ఆదివారం పొద్దున సిమెంటు లారీ వెనకాల, ఆయాసపడే పెళ్లాన్ని వెనక సీట్లో పెట్టుకొని కొండ ఎక్కాడా? అందుకే నేనే తేల్చుకోవలసి వచ్చింది.

మొదటి ఆదివారం కొండ ఎక్కుతుంటే బండికి స్థిమితం లేదు. ఒక క్షణం నాలుగో గేరులోకి పోతుంది, బరువు మోయలేక మూడుకు దిగుతుంది, కొంచెం ఊపందుకోగానే మళ్లీ నాలుగుకు పోతుంది. ప్రతి మార్పుకూ ఒక కుదుపు. మా ఆవిడకు కడుపులో తిప్పింది. “ఇదేంది, ఎక్కుతాందా దిగుతాందా?” అని అడిగింది. అప్పుడు బటన్ నొక్కాను. లైటు వెలిగింది. బండి మూడులో కుదురుకొని, గొంతు కొంచెం పెంచి, ఒకే పట్టున ఎక్కింది. అంతే. సైకిలు మీద పైపులు కట్టుకొని ఎత్తు ఎక్కినవాడికి ఇది కొత్త సంగతి కాదు. పెద్ద పళ్లచక్రం ఉన్న సైకిలు చదును మీద హాయిగా పోతుంది, ఎత్తు మీద గుండెలు తీస్తుంది. నాలుగో గేరు ఆ పెద్ద పళ్లచక్రం లాంటిదే.

ముద్దనూరు దాటి పులివెందుల వైపు రోడ్డు చదునుగా పడ్డాక మళ్లీ నొక్కి లైటు ఆర్పేశాను. ఇంజను గొంతు తగ్గిపోయింది, బండి స్పీడు మాత్రం తగ్గలేదు. ఓవర్‌డ్రైవ్ అంటే రేసు కాదు, దానికి పూర్తిగా ఎదురు. ఇంజను నెమ్మదిగా తిరుగుతూనే చక్రాలు వేగంగా పోయే గేరది. నూనె ఆదా, చెవులకు ఆదా. ఖాళీ రోడ్డు మీద ఒకే వేగంతో పోయేటప్పుడు దాన్ని ఆపుకోవడం తెలివితక్కువ. ఎత్తు ఎక్కేటప్పుడు, లారీని దాటవలసి వచ్చినప్పుడు, డిక్కీ నిండా బియ్యం మూటలున్నప్పుడు దాన్ని ఆపుకోవాలి. అన్నిటికంటే ముఖ్యంగా, కొండ దిగేటప్పుడు ఆపుకోవాలి. మూడో గేరులో ఉంటే ఇంజనే బండిని వెనక్కి పట్టి లాగుతుంది. మలుపు ఇంకా గట్టిదైతే కడ్డీని రెండుకు దించాలి. బ్రేకు మీద కాలు ఆనించి ఉంచవలసిన పని లేదు, అప్పుడప్పుడు ఒక నొక్కు చాలు.

ఇదంతా మా బామ్మర్దికి చెప్పాను. ఒకసారి కాదు. అతను కిటికీలోంచి బయటికి చూస్తూ, “నాకు ఘాటు నేర్పిస్తాండావా బావా?” అన్నాడు.

తర్వాత జరిగింది చెబుతాను. ఒక ఆదివారం పులివెందుల నుంచి తిరిగి వస్తూ ముద్దనూరులో టీకి ఆగాం. నా మోకాలు పీకుతోంది, కుంటుతూ నడవడం మా ఆవిడ చూసింది. “ఇక్కడి నుంచి వాడు తోలుతాడులే, నువ్వు పక్కన కూచో,” అంది. ఆమె మాట తీసెయ్యలేక తాళం ఇచ్చాను. కొండ మొదట్లో నేనే చేయి చాపి బటన్ నొక్కాను. బండి బాగానే ఎక్కింది. కొనకు రాగానే మా బామ్మర్ది కంటికి ఆ పసుప్పచ్చ లైటు పడింది.

“ఏందో లైటు వెలుగుతాంది బావా.”

“వెలగనీ. దిగేదాకా వెలగాల.”

“బండిలో లైటు వెలుగుతాంటే చూసుకుంటా ఎట్లప్పా తోలేది?” అని బటన్ నొక్కి దాన్ని ఆర్పేశాడు. ఆ తర్వాత, నేను నోరు తెరిచేలోపలే, కడ్డీని న్యూట్రల్‌లోకి తోశాడు. పాత చేయి, పాత కొండ. పక్కనుంచి చూస్తే ముఖంలో ఆ వేపచెట్టు కనబడుతోంది.

“న్యూట్రల్ ఏందిరా!” అన్నాను.

“నూనె మిగుల్తాది. ఊరికే కూచో బావా.”

నూనె కూడా మిగలదని తర్వాత చెప్పాను, వినేవాడు లేడు. ఇప్పటి ఇంజన్లు గేరులో ఉండి, మనం కాలు తీస్తే దిగుడులో పెట్రోలు తాగడం మానేస్తాయి. న్యూట్రల్‌లో వేస్తేనే ఆరిపోకుండా ఉండడానికి తాగుతాయి. సరే, అది అట్లా ఉంచండి. బండి దొర్లడం మొదలుపెట్టింది. మొదటి మలుపుకు బ్రేకు తొక్కాడు, రెండో మలుపుకు గట్టిగా తొక్కాడు. ఆ తర్వాత కాలు తియ్యలేదు. ఆ పాత లారీల వాసన వచ్చింది, అదే వాసన. వెనకనుంచి మా ఆవిడ “ఏందో కాలుతాంది” అంది. మా బామ్మర్ది మాట్లాడడం మానేశాడు. అతను మాట్లాడడం మానేస్తే పరిస్థితి ఏమిటో నాకు తెలుసు. పెడలు లోపలికి పోతోంది, బండి ఆగడం లేదు.

“రెండుకు లాగు! కడ్డీ రెండుకు లాగు!” అని అరిచాను. అతను క్లచ్ కోసం ఎడమకాలితో వెతుకుతున్నాడు, లేని క్లచ్ కోసం. నేనే కడ్డీ పట్టుకొని కిందికి లాగాను. ఇంజను గట్టిగా అరిచింది, బండి వెనక్కి పట్టినట్టయింది. అయినా మలుపు దగ్గరికొచ్చేసింది. రోడ్డు పనివాళ్లు పోసిన కంకర కుప్ప ఉండబట్టి, దాంట్లోకి దూరి నిలబడ్డాం. ముందర బంపరు పగిలింది. మా ఆవిడ నుదురు ముందు సీటుకు కొట్టుకొని బొప్పి కట్టింది. అంతకంటే ఏమీ కాలేదు.

షేర్ ఆటో ఒకటి ఆగింది. అందులోంచి దిగినవాళ్లు బండి చుట్టూ తిరిగి చూశారు. “ఆటోమేటిక్ బండ్లు ఇట్లనే మామా,” అన్నాడు ఒకడు మా బామ్మర్దితో, ఓదార్పుగా. “వాటికి మన ఘాట్లు పడవు.”

“చెప్పినా ఈయనకు,” అన్నాడు మా బామ్మర్ది. “వింటేనా?”

నేను కంకరలోంచి పగిలిన బంపరు ముక్కలు ఏరడం మొదలుపెట్టాను.

ఆ సాయంత్రం జమ్మలమడుగులో అతని ఇంట్లో పంచాయితీ. ప్రొద్దుటూరు నుంచి మా కొడుకు వచ్చాడు. మా ఆవిడ నుదుటికి పసుపు పెట్టుకొని మంచం మీద కూర్చుంది. తప్పెవరిదన్న మాటే రాలేదు. తప్పు బండిదని అందరూ దోవలోనే తేల్చుకొని వచ్చారు.

“ఇంగ ఈ బండి వద్దు నాయనా,” అన్నాడు మా కొడుకు. “బ్రోకరుతో మాట్లాడినా. బంపరు మార్పిచ్చి అమ్మేస్తాం. నీకు గూడా తోలడం ఇంగ చాలు.”

“నేను తోలుంటే గదా చాలు అనేదానికి?”

“మామ అంతటోడే పట్టుకోలేకపోయినాడు. నువ్వెట్ల పట్టుకుంటావు?”

“మీ మామ న్యూట్రల్‌లో వేసినాడు!”

“ఇన్నేండ్లు అట్ల దింపినోణ్ణే గదా బావా,” అన్నాడు మా బామ్మర్ది, నిదానంగా, చిన్నపిల్లవాడికి చెప్పినట్టు. “నా లారీ ఒక్కనాడు ఇట్ల చేసిందా?”

చేసిందో లేదో అతని క్లీనరు బకెట్టును అడగాలి. అన్నాను ఆ మాట. మా ఆవిడ చేయి చాపింది, నేను తాళం ఇచ్చాను. ఆమె దాన్ని కొంగున ముడి వేసుకుంది. ఆమె మీద నాకు కోపం రాలేదు, ఆమె నుదురు చూస్తే కోపం ఎట్లా వస్తుంది? మిగిలినవాళ్లందరి మీదా వచ్చింది. కంకర కుప్ప మీదా వచ్చింది, అది లేకపోయుంటే ఏమయ్యేదో తలుచుకొని దాని మీద మాత్రం తగ్గింది.

తర్వాతి ఆదివారం మా ఆవిడ తమ్ముణ్ణి తోడు పెట్టుకొని బస్సులో పోయింది. వచ్చేసరికి పొద్దు గూకింది. చెప్పులు పాదాలకు పట్టకపోతే చేతిలో పట్టుకొని వచ్చింది. పాదాలు వేలితో నొక్కితే గుంట అట్లాగే ఉండిపోయింది. ఆ పై ఆదివారం మంచం దిగలేకపోయింది. పులివెందుల నుంచి వదిన కోడలు ఫోన్ చేసి అత్త చెవి దగ్గర పెట్టింది. వదినకు మాట ముద్దగా వస్తుంది, నాకు సగం అర్థం కాదు. మా ఆవిడకు అంతా అర్థమవుతుంది. “లేదక్కా, కాళ్లు...” అంటుంది, ఆగుతుంది. “కోడలు పోస్తుందిలే ఈ వారం,” అంటుంది. ఫోన్ పెట్టేశాక ఆమె గోడ వైపు తిరిగి పడుకుంది.

బండి బాగుచేసి వచ్చింది. బ్రేకులు కొత్తవి వేశారు. వాటిని వేసిన మెకానిక్ కూడా, “మామా, బ్రేకులే తక్కువ రకమివి” అన్నాడు. సోమవారం బ్రోకరు ఎవరినో తీసుకొని వస్తాడని మా కొడుకు చెప్పాడు. వారమంతా నేను ఇంట్లో ఎవరితోనూ మాట్లాడలేదు. అంటే, తిట్టలేదు. మా ఇంట్లో రెండూ ఒకటే.

ఆదివారం పొద్దున్నే మా ఆవిడ స్నానం చేసి, చీర మార్చుకొని, సీకాయ పొడి డబ్బా సంచిలో పెట్టుకొని నా ఎదురుగా నిలబడింది. కొంగు ముడి విప్పి తాళం నా చేతిలో పెట్టింది.

“నువ్వే తోలు. వాణ్ణి స్టీరింగు ముట్టుకోనీను. కానీ ఒక మాట. దోవ పొడుగునా వాణ్ణి తిట్టుకుంటా తోలితే నడిమధ్యలో దిగిపోతా.”

“ఒక్క మాట గూడా అననే.”

“అననని చెప్పేది గూడా ఆపు.”

జమ్మలమడుగులో మా బామ్మర్ది ఇల్లు దాటాక ఎక్కాడు, ఈ బండి మళ్లీ ఎక్కొద్దన్న భార్య చూడకుండా. వెనక సీట్లో కూర్చున్నాడు, ఆ సీటు అతనికి అలవాటు లేదు. కొండ మొదట్లో బటన్ నొక్కాను. లైటు వెలిగింది. వెనకనుంచి గట్టిగా ఊపిరి తీసుకున్న చప్పుడు వినబడింది, నేను తిరిగి చూడలేదు. కంకర కుప్ప ఉన్న చోటు దాటుకొని బండి పట్టుగా ఎక్కింది. కొనకు చేరాక లైటును అట్లాగే ఉంచి, మొదటి మలుపుకు ముందరే కడ్డీని రెండుకు దించాను. ఇంజను మోగింది. మా ఆవిడ ముందు సీట్లో తలుపు పిడి పట్టుకొని ఉంది. బండి, కళ్లెం పట్టిన ఎద్దు మాదిరి, తనను తాను ఆపుకుంటూ దిగింది. మలుపు మలుపుకూ ఒక్క నొక్కు, వెంటనే కాలు తీసేయడం. వెనక లారీవాడు హారను కొట్టాడు. కొట్టుకోనీ. ఆఖరి మలుపు దాటాం. మా ఆవిడ పిడి వదిలి చేతులు ఒళ్లో పెట్టుకుంది. ఎప్పుడు వదిలిందో చూడలేదు. చూసేసరికి ఒళ్లో ఉన్నాయి.

ముద్దనూరులో టీకొట్టు దగ్గర ఆపాను. మా బామ్మర్ది ఎవరూ చెప్పకుండానే దిగి, ముందు చక్రం దగ్గర గొంతుకూర్చున్నాడు. లారీవాళ్లంతా చేసే పనే: వేలు ఎంగిలితో తడిపి, చక్రం లోపలి ఇనుముకు ముట్టించాడు. చుర్రుమనలేదు. మళ్లీ ముట్టించాడు. ఆ పక్క చక్రానికి పోయి అక్కడా ముట్టించాడు. నేను ఏమీ అనలేదు. అనకుండా ఉండడం ఎంత కష్టమో మీకు తెలియదు.

లేచి పంచె దులుపుకున్నాడు. “ఈ పొద్దు గాలి సల్లగుంది,” అన్నాడు.

మా ఆవిడ నా వైపు చూసింది. నేను టీ తాగాను.

పులివెందుల చేరేసరికి వదిన మంచం మీద గోడకు ఆనుకొని కూర్చొని ఉంది. జుట్టు చిక్కులు పడి ఒక ముద్దయింది. కోడలు దువ్వబోతే దువ్వెన పారేసిందట. మా ఆవిడ ఆమె తలకు పోసి, తుడిచి, వెనక కూర్చొని ఒక్కొక్క చిక్కూ వేళ్లతో విడదీస్తోంది. మేము ఇద్దరం ఎదురుగా కుర్చీల్లో ఉన్నాం. వదిన కొడుకు వచ్చి, ఘాటులో బండి చెడిపోయిందన్నారే, ఎట్లా వచ్చారు అని అడిగాడు.

“ఏం లేదప్పా,” అన్నాడు మా బామ్మర్ది, కాలు మీద కాలు వేసుకొని. “ఘాటు దిగేటప్పుడు ఓవర్‌డ్రైవు ఆపల్ల. బటన్ నొక్కితే లైటు వస్తాది, రావాల. గేరు రెండుకు దించల్ల. అట్లయితేనే ఇంజను పట్టుకుంటాది. ఈయప్పకు అదే చెప్పుకుంటా వచ్చినా. కొత్త బండి గదా, నేర్చుకునేదానికి రోజులు పడ్తాది.”

నేను కుర్చీలోంచి లేచాను. నా నోట్లోకి ఎన్ని మాటలు ఒక్కసారిగా వచ్చాయంటే ఏది ముందు బయటికి పంపాలో తెలియలేదు. ఆ సందులోనే వదిన ఏదో అంది. నాకు అర్థం కాక మా ఆవిడ వైపు చూశాను.

“బటనెవరు నొక్కితే నాకేంది అంటాంది,” అని చెప్పింది మా ఆవిడ. “వచ్చే ఆదివారం వస్తారా రారా, అది చెప్పమంటాంది.” అక్క తల మీంచి చెయ్యి తీయకుండానే, “వస్తామక్కా,” అంది. తర్వాత నాతో, “రేపు రావద్దని ఆ బ్రోకరుకు చెప్పు. ఇప్పుడే చెప్పు, నా ముందర చెప్పు. బండి అమ్మేది లేదని చెప్పు. మన పిల్లోడికి నేను చెప్పుకుంటా.”

ఫోన్ చేసి చెప్పాను. గట్టిగానే చెప్పాను, వదినకు కూడా వినబడేటట్లు. పెట్టేశాక మా బామ్మర్దిని భుజం పట్టుకొని బయటి అరుగు మీదికి తీసుకొని పోయి, ఎక్కినప్పటి నుంచీ ఆపుకున్నదంతా మొదటి నుంచి మొదలుపెట్టాను. దోవలో తిట్టనని మాట ఇచ్చాను గానీ పులివెందులలో తిట్టనని ఇవ్వలేదు. అతను గోడకు ఆనుకొని, “అయిపోయిందా బావా? అయిపోయిందా?” అంటూనే ఉన్నాడు. అయిపోలేదు. లోపలినుంచి అక్కాచెల్లెళ్లు నవ్వుతున్న చప్పుడు వస్తోంది, ఒకరిది తేటగా, ఒకరిది ముద్దగా. నేను ఆపలేదు.